గిటార్ తీగ లావును బట్టి నాదం ఎలా మారుతుందో ఇంట్లోనే తేల్చుకోండి

అకౌస్టిక్ గిటార్ వాయించేవాళ్లు నలుగురు కూడిన చోట ఈ మాట రాకుండా ఉండదు: "పదకొండు వేశావా, పన్నెండా?" అడిగేది తీగ లావు అంకె. పన్నెండు వేస్తే గుమ్మని పలుకుతుందని ఒకరంటారు. పదితోనే వేళ్లకు హాయి అని ఇంకొకరు. ఎవరి మాట విని తీగలు మార్చినా, మార్చిన రోజు అందరికీ జరిగేది ఒకటే. గిటార్ కొత్తగా పలుకుతుంది, ఆ ఘనత అంతా తీగ లావుకు కట్టబెట్టేస్తాం. నిజానికి అక్కడ మనం విన్న తేడాలో చాలా భాగం కొత్తదనానిది. ఆరు నెలల చెమట, తుప్పు పట్టిన సన్న తీగలు తీసేసి, నిగనిగలాడే లావు తీగలు వేసి పోలిస్తే లావు గురించి తెలిసేది ఏమీ ఉండదు.

నేను చాలా ఏళ్లు ఇలాగే పోల్చి, తప్పు నిర్ణయాలు చేశాను. అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. కొత్త తీగను కొత్త తీగతోనే పోల్చాలి. కంపెనీ ఒకటే, లోహం ఒకటే, గిటార్ ఒకటే, వాయించే చెయ్యి ఒకటే. మారేది లావు ఒక్కటే కావాలి. దీనికి రెండు ప్యాకెట్ల తీగలు, ఒక ట్యూనర్, ఒక కేపో (మెడ మీద తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే బిగింపు), మీ ఫోను, మూడు నాలుగు రోజుల సమయం చాలు.

మొదట: మీ గిటార్ మీద ఇప్పుడేముందో కనుక్కోండి

అన్నిటికన్నా ముందు అది స్టీలు తీగల గిటారో, నైలాన్ తీగల క్లాసికల్ గిటారో చూడండి. క్లాసికల్ గిటార్‌కు సన్న తీగలు మూడూ చేపల గాలానికి కట్టే దారంలా ఉంటాయి, బ్రిడ్జ్ (పైపలక మీద తీగలు కట్టే చెక్క) దగ్గర తీగలను ముడివేసి కడతారు, పిన్నులు ఉండవు. దానికి స్టీలు తీగలు ఎంత సన్నవైనా వేయకండి. నైలాన్ సెట్ మొత్తం లాగుడు సుమారు 40 కిలోలు. స్టీలులో మామూలు 12 సెట్ 70 కిలోలు దాటి లాగుతుంది. ఆ బరువుకు బ్రిడ్జ్ లేచి వస్తుంది, పైపలక చెడుతుంది.

స్టీలు తీగల గిటారే అయితే ప్యాకెట్ మీది అంకెలు చూద్దాం. 12–53 అని ఉంటే మొదటి తీగ, అంటే అన్నిటికన్నా సన్నది, అంగుళంలో వెయ్యింట 12 వంతుల మందం. ఆరో తీగ 53 వంతులు. షాపులో "పన్నెండు ఇవ్వండి" అంటే ఈ సెట్టే ఇస్తారు. ఎక్కువగా దొరికేవి నాలుగు రకాలు: ఎక్స్‌ట్రా లైట్ 10–47, కస్టమ్ లైట్ 11–52, లైట్ 12–53, మీడియం 13–56. కంపెనీని బట్టి చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది, పేర్లు కూడా మారతాయి. ఎలక్ట్రిక్ గిటార్ తీగల్లో 10–46 మామూలు సెట్, అకౌస్టిక్‌లో 10 అంటే బాగా సన్నం. కాబట్టి పేరు చూసి కాకుండా అంకె చూసి కొనండి. ప్యాకెట్ మీద "అకౌస్టిక్" అని ఉందో లేదో కూడా చూసుకోండి. ఎలక్ట్రిక్ తీగలకు చుట్టేది ఎక్కువగా నికెల్ పూసిన తీగ. అది పికప్ అయస్కాంతం కోసం చేసింది, చెక్క గిటార్ మీద వేస్తే చప్పగా ఉంటుంది.

గిటార్ మీద ఉన్న తీగలు ఏవో గుర్తులేదా? ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వాడిన స్క్రూ గేజ్ గుర్తుందా, అది ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. మిల్లీమీటరులో నూరోవంతు దాకా చూపిస్తుంది. మొదటి తీగ 0.25 వస్తే అది 10. 0.28 అయితే 11, 0.30 లేదా 0.31 అయితే 12, 0.33 అయితే 13. డిజిటల్ కాలిపర్ ఉన్నా చాలు. తుప్పు లేని చోట, ట్యూనింగ్ కీ దగ్గర కొలవండి. 10కీ 12కీ మధ్య తేడా మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు మాత్రమే. కంటికి కనబడని ఆ తేడా వేలికి మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

లావు వల్ల అసలేం జరుగుతుంది

కొనే ముందు ఈ కొంచెం అర్థం చేసుకుంటే, తర్వాత మీ చెవికి వినబడేదానికి కారణం తెలుస్తుంది.

వీణను తలుచుకోండి. వాయించే నాలుగు తీగల పొడవూ ఒకటే. అయినా సారణి సన్నగా పై స్థాయిలో పలుకుతుంది, అనుమంద్రం లావుగా కింద పలుకుతుంది. బొబ్బిలి వీణ అయినా, గిటార్ అయినా సూత్రం ఒకటే. తీగ పలికే స్వరం మూడిటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ 1636లో అచ్చు వేయించిన గ్రంథంలో ఈ లెక్క రాశాడు. పొడవు మార్చకుండా, స్వరం మార్చకుండా తీగను మాత్రం లావు చేస్తే, దాన్ని ఇంకా బిగించక తప్పదు. ఎంత బిగించాలి? లావు వర్గం లెక్కన. 10 తీగ బదులు 12 వేస్తే లావు 1.2 రెట్లు, బిగువు 1.44 రెట్లు. మామూలు గిటార్ మీద మొదటి తీగను ఇ స్వరానికి, అంటే సెకనుకు 329.6 కంపనాలకు పెడితే, 10 తీగ సుమారు 7.4 కిలోల బిగువుతో ఉంటుంది. 11 తీగ 8.9, 12 తీగ 10.6, 13 తీగ 12.4. ఆరు తీగలూ కలిపితే 10 సెట్ 60 కిలోల పైచిలుకు, 12 సెట్ 70 దాటి, 13 సెట్ 80 దాటి లాగుతాయి. ఇంతటి బరువును మూడు మిల్లీమీటర్ల లోపు మందం ఉన్న చెక్కపలక రాత్రింబవళ్లు మోస్తోంది.

ఇప్పుడు నాదం సంగతి. తీగ తనంతట తాను గదిని నింపలేదు. గాలిని కదిపేది పైపలక. తీగ ఊగుతూ బ్రిడ్జ్‌ను తోస్తుంది, బ్రిడ్జ్ పలకను తోస్తుంది. ఎక్కువ బిగువుతో ఉన్న తీగను అంతే దూరం లాగి వదిలితే బ్రిడ్జ్‌ను గట్టిగా తోస్తుంది. అందుకే లావు తీగలతో గిటార్ పెద్దగా, నిండుగా పలుకుతుంది.

కానీ "అంతే దూరం లాగి వదిలితే" అన్న మాట మీద ఒక్క క్షణం ఆగండి. బిగువు ఎక్కువ కాబట్టి అంత దూరం లాగడానికి మీ కుడిచేతికి ఎక్కువ బలం కావాలి. మెత్తగా మీటే అలవాటున్న చెయ్యి 13 తీగను కొంచెమే కదిలిస్తుంది. గిటార్ నిద్ర లేవదు. "లావు తీగ వేసినా గిటార్ మూగబోయింది" అని కొందరనేది ఇందుకే. తీగలో లోపం లేదు, దానికి కావలసిన బలం ఆ చేతిలో లేదు, ఉండవలసిన పని కూడా లేదు. మెత్తని చెయ్యికి సన్న తీగ చక్కగా పలుకుతుంది.

లావైన ఉక్కు తీగ కాస్త కడ్డీ లక్షణం చూపిస్తుంది. వంగడానికి మొరాయిస్తుంది. ఏ తీగైనా మూల స్వరంతో పాటు పైన అనుస్వరాలు, అంటే ఓవర్‌టోన్లు, పలుకుతుంది కదా. తీగ బిరుసెక్కేకొద్దీ ఆ అనుస్వరాలు ఉండవలసిన చోటు కన్నా కొంచెం పైకి జరుగుతాయి, త్వరగా చచ్చిపోతాయి కూడా. అందుకే లావు తీగలో మూల స్వరం ముందుకొస్తుంది, సన్న తీగలో పైభాగం మెరుస్తుంది. ఈ బిరుసు తగ్గించడానికే లావు తీగలను ఒక్క కడ్డీగా చేయరు. లోపల సన్నని ఉక్కు తీగ, దాని మీద ఇంకో తీగ చుట్ట. బరువు చుట్ట ఇస్తుంది, వంగే గుణం లోపలి తీగ ఇస్తుంది. అకౌస్టిక్ సెట్‌లో మూడో తీగ, అంటే జి, చుట్టతో ఉండడానికి కారణం ఇదే. 12 సెట్‌లో దాని లావు 24. దాన్ని చుట్ట లేకుండా వేస్తే ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) మీద శృతి సరిగ్గా నిలవదు.

ఇంకొక మాట. లావు తీగ ఎక్కువసేపు మోగుతుందని చాలామంది అంటారు. అది ఖాయం కాదు. లావు తీగ తనలోని శక్తిని బ్రిడ్జ్‌కు త్వరగా ధారపోస్తుంది, అందుకే పెద్దగా వినబడుతుంది. త్వరగా ఇచ్చేస్తే త్వరగా అయిపోవచ్చు కూడా. ఏ గిటార్ మీద ఎంతసేపు మోగుతుందో స్టాప్‌వాచ్ పెట్టి కొలవవలసిందే.

తర్వాత: డబ్బు పెట్టకుండా ఒక ప్రయోగం

మీ గిటార్ మీద 12 సెట్ ఉండి, సన్న తీగలు చేతికి ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే, ప్యాకెట్ కొనక ముందే కొంత తెలుసుకోవచ్చు. ఆరు తీగలూ ఒక స్వరం, అంటే రెండు ఫ్రెట్ల దూరం, కిందికి దించండి. రెండో ఫ్రెట్ మీద కేపో బిగించండి. ఇప్పుడు గిటార్ మామూలు శృతిలోనే ఉంది, తీగల బిగువు మాత్రం సుమారు ఐదో వంతు తగ్గింది. మొదటి తీగ లెక్క చూస్తే ఇది 11కీ 10కీ మధ్య, 11కు దగ్గరగా ఉన్న బిగువు. ఒక గంట వాయించండి. ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే బార్ కార్డ్ ఎఫ్ పట్టి చూడండి. బి తీగను, అంటే రెండో తీగను, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర పక్కకు లాగి చూడండి.

ఇందులో మీ వేళ్లు చెప్పేదే నమ్మండి. చెవికి వినబడేది నమ్మకండి, ఎందుకంటే తీగలు పాతవే, లావూ పాతదే, పైగా కేపో వల్ల తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి. చేతికి ఇదే హాయిగా ఉంటే 11 సెట్ పరీక్షకు తగినదని అర్థం. తీగలు జావగారినట్టు, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తగలగానే చెదిరిపోతున్నట్టు అనిపిస్తే మీ కుడిచేయి బలమైనది, 12 కన్నా కిందికి దిగకండి.

దీన్నే తిరగేసి, ఉన్న తీగలను పై శృతికి బిగించి "13 ఎలా ఉంటుందో చూద్దాం" అనుకోకండి. తీగ తెగి కంటికి తగిలే ప్రమాదం ఉంది. పాత గిటార్ అయితే బ్రిడ్జ్‌కూ మంచిది కాదు.

రెండు ప్యాకెట్లు కొనడం, ఒకదాని తర్వాత ఒకటి వేయడం

పక్కపక్క సైజులు కొనండి: 11, 12 లేదా 12, 13. లోహం తప్పకుండా ఒకటే ఉండాలి. అకౌస్టిక్ తీగల చుట్ట ఎక్కువగా రెండు రకాలు. 80/20 అంటే 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింక్. ఇది కొత్తలో చాలా తళుకుగా పలికి త్వరగా మెత్తబడుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగి 92 పాళ్లు, మిగతాది తగరం, కొంచెం ఫాస్ఫరస్. దీని నాదం వెచ్చగా ఉంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. 1974లో డాడారియో కంపెనీ దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఒక ప్యాకెట్ 80/20, ఇంకొకటి ఫాస్ఫర్ బ్రాంజ్ అయితే మీరు వినేది లోహం తేడా, లావు తేడా కాదు. కోటింగ్ ఉన్న తీగలనూ కోటింగ్ లేని వాటినీ కలపకండి.

సన్న సెట్ ముందు వేయండి. ఆరు తీగలూ ఒకేసారి ఊడదీయకుండా ఒక్కొక్కటే మార్చండి. ఇలా చేస్తే మెడ మీద లాగుడు పూర్తిగా పోదు, కొత్త సెట్‌కు గిటార్ త్వరగా సర్దుకుంటుంది. తీగను పూర్తిగా వదులు చేసి, పిన్ పైకి తీయండి. కొత్త తీగ గుండును రంధ్రంలో దింపి, పిన్ గాడి తీగ వైపు ఉండేలా పెట్టి, పిన్‌ను వేలితో నొక్కి పట్టుకుని తీగను పైకి లాగండి. గుండు లోపలి పలకకు ఆనిందని చేతికి తెలుస్తుంది, 'టక్' మంటుంది. అది ఆనకుండా పిన్ చివర మీద కూర్చుంటే, బిగించేటప్పుడు పిన్ ఎగిరి వస్తుంది. కీ దగ్గర లావు తీగలకు రెండు మూడు చుట్లు, సన్న వాటికి నాలుగైదు చుట్లు వచ్చేంత తీగ వదిలి, ఒక చుట్టు మీద ఇంకొకటి పడకుండా కిందికి చుట్టండి. కత్తిరించేటప్పుడు చివరను చేత్తో పట్టుకోండి, ముఖానికి దూరంగా.

శృతి చేయండి, ప్రతి తీగనూ పన్నెండో ఫ్రెట్ దగ్గర మెల్లగా పైకి లాగి వదలండి, మళ్లీ శృతి చేయండి. మూడు నాలుగుసార్లు చేస్తే తీగ నిలదొక్కుకుంటుంది. ఆ రోజు రికార్డు చేయకండి. మరుసటి రోజు సాయంత్రం చేయండి. రెండో సెట్‌కూ ఇదే లెక్క, వేసిన మరుసటి రోజు సాయంత్రం. రెండు సెట్ల వయసూ ఒకటే కావాలి.

రికార్డు చేయడం

ఫోను ఒక స్టూలు మీద, గిటార్ పన్నెండో ఫ్రెట్‌కు ఎదురుగా, రెండు మూర్ల దూరంలో పెట్టండి. స్టూలు కాళ్లకూ, మీ కుర్చీ కాళ్లకూ నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఇది చాదస్తంగా తోచినా, ఫోను ఒక జానెడు జరిగితే వచ్చే తేడా తీగ లావు తేడా కన్నా ఎక్కువ ఉండొచ్చు. ఫ్యాను ఆపండి. పిక్ ఒకటే వాడండి, కనీసం 0.73 మిల్లీమీటర్ల మందం ఉన్నది. పలచని పిక్ లావు తీగ మీద తానే వంగిపోతుంది, తీగను కదపదు.

ఈ వరుసలో వాయించండి. ఒక్కొక్క తీగను ఉత్తగా మీటి, పూర్తిగా ఆగే దాకా వదిలేయండి. జి కార్డును నాలుగుసార్లు మెత్తగా, నాలుగుసార్లు మీకున్న బలంతో స్ట్రమ్ చేయండి. తర్వాత వేళ్లతో సి, ఎ మైనర్ కార్డుల మీద ఆర్పెజియో, అంటే కార్డు స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం. ఆపైన మీకు బాగా వచ్చిన ఒక పాట పల్లవిని మొదటి రెండు తీగల మీదే, ఐదో ఫ్రెట్ పైన వాయించండి. మన పాటల్లో స్వరాన్ని ఊపకుండా, జార్చకుండా ఉండలేం. ఆ గమకాలన్నీ ఇక్కడ వేయండి. సన్న తీగకూ లావు తీగకూ ఎక్కువ తేడా వినబడేది ఇక్కడే. స్వరం పైకి పోవడానికి తీగను జరపవలసిన దూరం రెండిటికీ ఒకటే, కావలసిన బలం మాత్రం లావు తీగకు ఎక్కువ. ఇరవై నిమిషాలు వాయించాక అలసిన వేలు స్వరాన్ని సగంలోనే వదిలేస్తుంది. తీగ లావు సంగీతాన్ని మార్చేది ఇలాగే.

వినడం

ఫోను స్పీకర్‌లో వినకండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఇంట్లో వాళ్లనో స్నేహితుణ్నో ఫైళ్లు కలిపేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించమనండి. పేరు తెలిస్తే చెవి పక్షపాతం చూపుతుంది, ఎంత అనుభవం ఉన్నా.

మెత్తగా వాయించిన జి కార్డుతో మొదలుపెట్టండి. సన్న సెట్‌లో పైన గలగల ఎక్కువ, ఆరో తీగ పలచగా ఉంటుంది. లావు సెట్‌లో కింది స్వరం దిండులా మెత్తగా, బరువుగా కూర్చుంటుంది. తర్వాత గట్టిగా వాయించింది వినండి. సన్న తీగలు ఒక హద్దు దాటాక ఇంక పెద్దగా పలకవు, చెదిరిపోతాయి. దెబ్బ తగిలిన క్షణంలో స్వరం కాస్త పైకెగిరి దిగుతుంది, అక్కడక్కడ ఫ్రెట్లకు కొట్టుకుని జుయ్‌మంటుంది. లావు తీగలకు ఆ హద్దు ఇంకా దూరంగా ఉంటుంది. మీరు మామూలుగా వాయించే బలం ఆ హద్దుకు ఈవల ఉందా, ఆవల ఉందా? తేల్చుకోవలసిన అసలు విషయం ఇదే. ఈవల ఉంటే సన్న తీగలు వేసుకోవడంలో మీరు పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు.

పల్లవి వినేటప్పుడు శృతి మీద చెవి పెట్టండి. సన్న తీగను గట్టిగా నొక్కే అలవాటుంటే స్వరం పైకి జారుతుంది, కార్డు పుల్లగా వినబడుతుంది. లావు తీగ నుంచి సన్న తీగకు మారిన వాళ్లకు మొదటి వారం ఇది తప్పదు. వేళ్లు తేలిక చేసుకుంటే పోతుంది.

లావు మార్చాక సెట్టింగ్ చూసుకోవాలి

ఇది వదిలేసి చాలామంది తీగలను తిడతారు. లావు తీగలు మెడను ముందుకు వంచుతాయి, తీగలు ఫ్రెట్లకు ఎత్తవుతాయి, నొక్కడం కష్టమవుతుంది. సన్న తీగలు వేస్తే మెడ వెనక్కు వెళ్తుంది, బజ్, అంటే జుయ్‌మనే మోత, వస్తుంది. ఇవి నాదంలో తేడాలు కావు, మెడలో తేడాలు.

కొలవడం తేలిక. మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి, ఆరో తీగను మెడ బాడీని కలిసే చోట, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర, వేలితో నొక్కండి. ఇప్పుడు ఆ తీగ ఒక స్కేలు లాంటిది. ఆరేడు ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉంటే బాగుంది. మందపాటి విజిటింగ్ కార్డు వదులుగా దూరిందంటే సందు ఎక్కువ. తీగ ఫ్రెట్‌కు ఆనిపోతే మెడ వెనక్కు వంగింది. ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) సరైన అలెన్ కీతో ఒకసారికి పావు చుట్టే తిప్పాలి. కుడివైపు తిప్పితే సందు తగ్గుతుంది, ఎడమవైపు పెరుగుతుంది. తిప్పాక శృతి చేసి, ఒక రాత్రి ఆగి మళ్లీ కొలవండి. కీ బిరుసుగా తిరుగుతుంటే ఆపి, గిటార్లు బాగుచేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఆరో తీగకు 2.5 మిల్లీమీటర్లు, మొదటి తీగకు 2 దగ్గరగా ఉంటే మామూలు వాయింపుకు సరిపోతుంది. ఇక నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) మీది గాడులు చూడండి. 11 తీగలకు కోసిన గాడిలో 13 తీగ ఇరుక్కుంటుంది. శృతి చేస్తుంటే 'టింగ్' మని ఎగిరి దూకుతుంది. మెత్తని పెన్సిల్ లెడ్‌ను గాడిలో రుద్దితే కొంత నయం. అప్పటికీ దూకితే గాడి వెడల్పు చేయించాలి. ఇది తిరిగిరాని పని. వెడల్పు చేసిన గాడిలో మళ్లీ సన్న తీగ వేస్తే అటూ ఇటూ కదిలి మోగొచ్చు. అందుకని 13లోనే ఉండిపోతానని తేల్చుకున్నాకే గాడుల జోలికి వెళ్లండి.

ఎవరికి ఏది

నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది కాలేదా, 10 లేదా 11 వేయండి. నాదం గురించి ఇప్పుడే బెంగ వద్దు. వేలి నొప్పితో గిటార్ మూలన పెట్టినవాళ్లను ఎందరినో చూశాను. పదేళ్ల పిల్లలకు అయితే 10కి మించి వద్దు.

పార్లర్, కచేరీ సైజు లాంటి చిన్న బాడీ గిటార్లు తక్కువ బలానికే పలికేలా కడతారు. వాటికి 11 గానీ 12 గానీ చాలు. వాటి మీద 13 వేస్తే పలక బిగుసుకుపోయి, నాదం పెట్టెలో మూతపెట్టినట్టు ఉంటుంది. నా గిటార్ మీద నేను చూసిన సంగతే చెబుతాను. ఒక షాపులో "నిండుగా పలుకుతుంది" అని చెబితే నా చిన్న గిటార్‌కు 13–56 వేయించాను. రెండు వారాలు నిజంగానే బాగుంది. తర్వాత బ్రిడ్జ్ వెనక పలక ఉబ్బడం మొదలైంది. ఒక స్టీలు స్కేలు అడ్డంగా పెడితే రెండు చివర్లా వెలుతురు కనబడేది. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం ముక్క దూరింది. వెంటనే తీగలు వదులు చేశాను కాబట్టి జిగురుతో సరిపోయింది. మీరు లావు పెంచిన ప్రతిసారీ మొదటి నెల వారానికొకసారి ఈ కాగితం పరీక్ష చేయండి. పాత గిటార్ అయితే, తయారు చేసినవాళ్లు 13 వేయొచ్చని చెప్పి ఉంటే తప్ప 12 దాటకండి.

డ్రెడ్‌నాట్ లాంటి పెద్ద బాడీ ఉండి, చర్చిలో క్వయర్‌కో, కాలేజీలో మైకు లేకుండా నలుగురి పాటకో తోడు వాయించేవాళ్లకు 12 సరైన చోటు. అమెరికాలో బ్లూగ్రాస్ అనే జానపద తరహా సంగీతం వాయించేవాళ్లు డ్రెడ్‌నాట్ మీద 13 వేయడం మామూలు. బాంజో, ఫిడేలు మధ్య మైకు లేకుండా గిటార్ వినబడాలి, పైగా వాళ్ల పిక్ దెబ్బ గట్టిది. ఆ అవసరం మీకుందా అన్నది చూసుకోండి. కింది మూడు తీగల నిండుదనం కావాలి, పై మూడు మెత్తగా ఉండాలంటే 12–56 అనే కలగలుపు సెట్ దొరుకుతుంది. పైన లైట్, కింద మీడియం. పాడుతూ స్ట్రమ్ చేసేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

శృతి దించి వాయించేవాళ్ల లెక్క వేరు. మీ గొంతు కోసం గిటార్‌ను ఎప్పుడూ ఒక స్వరం కిందే ఉంచుతారా? అయితే 13 సెట్ వేసినా మొదటి తీగ బిగువు 12 సెట్ మామూలు శృతిలో ఉన్నదానికన్నా కొంచెం తక్కువే. అక్కడ 13 లావు కాదు, సరిగ్గా సరిపోయింది. అర స్వరం దించేవాళ్లకు 12 వేస్తే 11కన్నా కాస్త బిగువుగా ఉంటుంది.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉంటే ఒక జాగ్రత్త. సన్న తీగలకు, అంటే చుట్ట లేని మొదటి రెండిటికి, తుప్పు త్వరగా పడుతుంది. తుప్పు పట్టిన 12 తీగ కన్నా శుభ్రంగా ఉన్న 11 తీగ బాగా పలుకుతుంది. వాయించాక పొడి గుడ్డతో తీగ కింద భాగం కూడా తుడవండి.

పరీక్ష పూర్తయ్యాక ఒక కాగితం ముక్క మీద సెట్ అంకెలు, లోహం, వేసిన తేదీ, పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలిచిన ఎత్తు రాసి గిటార్ పెట్టెలో పడేయండి. రికార్డు చేసిన ఫైళ్లకు కూడా అదే తేదీ పెట్టుకోండి. ఆరు నెలలకు తీగలు మార్చేటప్పుడు, కొత్త సెట్ వేసిన మరుసటి రోజు సాయంత్రం, అవే సుద్ద గుర్తుల మధ్య మళ్లీ అదే పల్లవి వాయించి పక్కపక్కన పెట్టి వినండి.